తాడు తెంచిన చెయ్యి

విదియ

లాయరమ్మగారు ఈ కాగితాల కట్ట ఇచ్చి వెళ్ళారు. పేరు మెహరున్నీసా. లాయరును పెట్టుకోలేని వాళ్ళ కేసులు సర్కారు తరఫున చూస్తారట. మనిషి చిన్నది, గొంతు పెద్దది.

"మరిడమ్మగారూ, మీకు మాట్లాడకుండా ఉండడం కష్టమని చూస్తేనే తెలుస్తోంది. పోలీసులు అడిగితే ఒక్క ముక్క చెప్పకండి. చెప్పకపోవడం మీ హక్కు, మీ కోడలి హక్కు. లోపల ఆగనిదంతా ఇందులో రాయండి. నాకోసం రాసిన కాగితం ఎవరూ లాక్కోడానికి లేదు. నోటితో అన్న మాటకు ఆ కాపుదల లేదు."

నేను బడితెప్ప మీద నాలుగు తరగతులు చదివాను. అక్షరాలు కూడబలుక్కోవాలి. రాయకపోతే ఏమైపోతుందోనని ఒక భయం, రాస్తే ఏమవుతుందోనని ఇంకో భయం. సరే, జరిగింది జరిగినట్టు రాస్తాను.

మా వరసలో పదకొండు తెప్పలు, అన్నీ ఇళ్ళే. అన్నిటికీ కలిపి ఒకటే మూలతాడు. రేవులో పాతిన పెద్ద కొయ్య దగ్గర మొదలై, ఒక్కో తెప్ప నడిమి గుంజకు చుట్టుకుంటూ చివరిదాకా పోతుంది. చివరి తెప్ప దానయ్యది. పీతల తొట్టెలు, మొగుడూ పెళ్ళాల కాపురం అందులోనే. బయటి వైపు లంగరు కూడా అతనిదే. అమావాస్య పోటుకు గాలి తోడై ఆ లంగరు గొలుసు తెగింది. తొట్టెల బరువుతో అతని తెప్ప మిగతా పది తెప్పల్నీ పాత వంతెన స్తంభాల మీదికి లాక్కుపోతోంది. నా కోడలు నూకరత్నం వరసకు తాడు మనిషి. తాళ్ళు పేనడం, ముడులు చూడడం, పోటు వచ్చినప్పుడు కాపలా ఉండడం దాని పని. అది పదో తెప్ప అంచుకు పోయి, దానయ్య తాడు కత్తితో కోసేసింది. పది తెప్పలూ నిలిచాయి. దానయ్య తెప్ప స్తంభానికి కొట్టుకుని రెండు ముక్కలైంది. అతను లోపలే ఉన్నాడు. అచ్చియ్యమ్మ, అతని పెళ్ళాం, అప్పుడు సంతకు పోయి ఉంది కాబట్టి బతికింది. దానయ్యకు మోకాలి కింద కాలు తీసేశారు. మర్నాడు పోలీసు పడవ వచ్చి రత్నాన్ని ఎక్కించుకుపోయింది.

నీటి రాష్ట్రంలో పిల్లలకు మాటలతోపాటు నేర్పే చట్టం ఒకటుంది: ఒకరి తాడు ఇంకొకరు తెంచకూడదు.

"నేరానికి రెండు కాళ్ళుంటాయి. ఒకటి చేసిన పని. రెండోది చేసేటప్పటి బుద్ధి. తాడు కోసింది నిజం, కోసిన కత్తితో ఆమెను వరసంతా చూసింది. ఇక బుద్ధి సంగతి. లోపల మనిషి ఉన్నాడని తెలిసి కోస్తే ఏడేళ్ళు మెరక జైలు. ఆ తర్వాత కూడా చచ్చేదాకా ఏ వరసలోనూ తెప్ప కట్టుకునే తాడు హక్కు ఉండదు. లోపల ఎవరున్నారో చూసుకోకుండా కోస్తే అది అజాగ్రత్త. ఏడాదిలోపుతో పోతుంది" అన్నారు లాయరమ్మగారు.

రత్నం నీటి మీద పుట్టింది. మెరక మీద నేల కదలదట. కదలని చోట దానికి నిద్ర పడుతుందా? తాడు హక్కు పోతే ఒంటి తెప్పతో ఎక్కడ తేలుతుంది? ఒంటి తెప్ప ఒక్క తుపాను దాటడం నేను చూడలేదు.

"తెలిసి చేసిందని వాళ్ళే రుజువు చెయ్యాలి. చెయ్యలేరు. ప్రాసిక్యూటరు కూడా అజాగ్రత్త కిందికి దించుకుందాం అంటున్నాడు. మీరు నోరు మూసుకుంటే చాలు" అన్నారు.

మధ్యాహ్నం గంజి కాచాను. మనిషి పోయిన ఇంట్లో మూడో రోజుదాకా అన్నం ఉడకకూడదు. అలవాటు చొప్పున గుంజ దగ్గరికి పోయి తాడు రెండుసార్లు గుంజాను. ఒక గుంజు అంటే ఉన్నావా అని. రెండంటే బయటికి రా అని. వరసలో అన్ని ఇళ్ళల్లో గిన్నెలు గలగలమంటాయి, మరిడమ్మ కోడల్ని అన్నానికి పిలుస్తోందని అందరూ అనుకుంటారు. రత్నం ఏ తెప్పలో ఉన్నా లేచి వచ్చేస్తుంది.

పదో తెప్ప కాసులమ్మ బయటికొచ్చి అరిచింది. "ఎవర్ని పిలుత్తున్నావు పిన్నీ?"

తాడు వదిలేశాను.

తదియ

ఇవాళ గుణం చెప్పాను. బాగా చెప్పానని అందరూ అన్నారు.

ఇది మెరక వాళ్ళకు తెలియదు, లాయరమ్మగారి కోసం రాస్తున్నాను. ఇంట్లో మనిషిని నీరు తీసుకుపోయినా, రోగం తీసుకుపోయినా, పోలీసు తీసుకుపోయినా మూడో రోజు ఇంట్లో పెద్దవాళ్ళు తెప్ప అంచున నిలబడి ఆ మనిషి గుణాలు చెప్పాలి. వరసంతా వినాలి. అప్పుడే పొయ్యి వెలిగించాలి. గుణం చెప్పని ఇంట్లో మనిషి తిరిగి రాదంటారు. నా కొడుకు జ్వరంతో పోయినప్పుడు ఏడుపుతో నాకు మాట పెగల్లేదు. ఇవాళ పెగిలింది.

తలారా స్నానం చేసి, పెద్ద కొయ్యకు పసుపు రాసి, దాని ఎదుట అంచున నిలబడ్డాను. "నా కోడలు నాకు ఎదురు చెప్పలేదంటే కళ్ళు పోతాయి. చెప్పింది. పొద్దున్న ఎదురు చెప్పి, సాయంత్రం తలకు నూని రాసింది" అన్నాను. అందరూ నవ్వారు. మొగుడు పోయాక పుట్టింటికి పొమ్మన్నా పోలేదని చెప్పాను. నీళ్ళలో ఉప్పు తీసే పెట్టె చెడితే ముందు పక్కింటికి నీళ్ళిచ్చి తర్వాత మా కుండ నింపిందని చెప్పాను. అందరూ అవునవునంటుంటే నాకు ఇంకా ఊపొచ్చింది.

"తాడు మనుషులు మా కాలంలోనూ ఉన్నారు. దీనిలాంటిది ఉందా? తాడు చేత్తో పట్టుకుంటే చాలు, తెప్పలో ఎంతమందున్నారో చెప్పేత్తాది. పడుకున్నారో, లేచున్నారో కూడా చెప్పేత్తాది. ఈ పదకొండు తెప్పల్లో మనిషి ఉన్నదీ లేనిదీ దానికి తెలియని గడియ లేదు!"

"నిజమే పిన్నీ, నిజమే" అన్నారందరూ.

పొయ్యి వెలిగించాను. రెండు రోజుల తర్వాత అన్నం తిన్నాను.

షష్ఠి

నేనే దాని గొంతు కోశాను.

లాయరమ్మగారు వచ్చి కూర్చోలేదు. చేతిలో పలక నొక్కి నా గొంతు నాకే వినిపించారు. పడుకున్నారో, లేచున్నారో కూడా చెప్పేత్తాది. వెనక వరసంతా నిజమే, నిజమే అంటోంది.

"పోలీసులతో ఒక్క ముక్క అనలేదమ్మా! ఎస్సైగారు మంచినీళ్ళు అడిగితే కూడా నోరు తెరవకుండా చెంబు చూపించాను!"

"కొయ్యకున్న చెవి ముందు చెప్పారు కదా."

"చెవి పోలీసా అమ్మా? దానికి మేం పసుపు రాసుకుంటాం."

ఆమె ముఖం తిప్పుకున్నారు. నవ్వో ఏడుపో తెలియలేదు. వరసల్లో తగవులు వినడానికి సర్కారు వాళ్ళు ప్రతి పెద్ద కొయ్యకూ ఒక చెవి బిగించారు. నేను కాపురానికి వచ్చేనాటికే ఉంది. పిల్లలు దాని మీద బట్టలు ఆరేస్తారు, ఆడవాళ్ళం బొట్టు పెడతాం. అది వింటుందని ఎవరికి గుర్తుంటుంది? ఏదైనా కేసు పడితే ఆ వారం చెవి విన్నదంతా పోలీసులు తీయించుకుంటారట.

"మీ కోడలు చూసుకోకుండా కోసిందని నేను అనబోతున్నాను. ఆమెకు తెలియని గడియ లేదని మీరు అన్నారు. అజాగ్రత్త కిందికి దించుకుందాం అన్న మాట ప్రాసిక్యూటరు వెనక్కి తీసుకున్నాడు. ఇప్పుడు నేరపత్రం మారింది. తెలిసి తెంచడం, తీవ్రంగా గాయపరచడం."

"నేను అబద్ధం చెప్పానని రాసిస్తాను. పొగడ్త కోసం కోతలు కోశాను అంటాను. ఎవరు కాదంటారు?"

"వరసంతా నిజమేనంది. ఇప్పుడు మీరు మాట మారిస్తే అబద్ధపు సాక్ష్యం. మీ మీద ఇంకో కేసు. అత్తాకోడళ్ళిద్దరి కోసం రెండు లాకప్ పడవలు ఎక్కి తిరగలేను నేను."

ఆమె వెళ్ళాక నీళ్ళలోకి చూస్తూ కూర్చున్నాను. అన్నం వండుకున్నాను గానీ ముద్ద దిగలేదు. నాకు మొదటినుంచీ ఉన్న రోగమే ఇది. ఊరికే ఉంటే భయం, భయమేస్తే మాట్లాడతాను.

అష్టమి

లాయరమ్మగారూ నేనూ లాకప్ పడవకు వెళ్ళాం. రత్నం గొంతుక్కూర్చుని ఉంది, మోకాళ్ళ మీద చేతులు. వేళ్ళు ఊరుకోవడం లేదు. పైట కొస పేనుతున్నాయి, విప్పుతున్నాయి.

"గుణం చెప్పావంట కదా అత్తా. బాగా చెప్పావంట" అంది.

నేను బావురుమన్నాను. "నా నోరు పడిపోను!"

"నోరు పడిపోతే నన్ను తిట్టేదెవరు? ఊరుకో."

లాయరమ్మగారు అడ్డం వచ్చారు. "రత్నం, ఇప్పుడు సూటిగా అడుగుతున్నాను. దానయ్య లోపల ఉన్నాడని నీకు తెలుసా?"

"తెలుసు. గుంజ పట్టుకు నిలబడ్డాడు. తాడులో తెలుత్తానే ఉంది. తెలిసే కోశాను."

నేను దాని నోరు మూయబోయాను. లాయరమ్మగారు మాత్రం ఊపిరి వదిలి, చాప మీద చతికిలబడి కూర్చున్నారు.

"సరే. అయితే ఏ దారి ఉందో చూద్దాం. పొరపాటు పడ్డానని అనలేం. ఎవరైనా బెదిరించి చేయించారా? లేదు. మతి స్థిమితం లేదా? అదీ కాదు. మిగిలింది ఒక్కటే. పెద్ద చేటు తప్పించడానికి చిన్న చేటు చేయడం. ఆపద వాదన అంటారు. చట్టంలోనే ఉంది. కానీ దాని ముఖ్యమైన షరతు ఏంటంటే, చేసింది తెలిసే చేశానని ముందు మనం ఒప్పుకోవాలి. తెలియనివాళ్ళకు ఆ వాదన లేదు. మీ అత్తగారి మాట ఒక తలుపు మూసేసింది, ఈ తలుపు దగ్గర అదే పనికొస్తుంది."

"ఒప్పుకుని నెగ్గకపోతే?" అన్నాను.

"ఏడేళ్ళు. ఒక్క రోజు తగ్గదు."

"వద్దు. అబ్బే, వద్దే వద్దు."

"అత్తా," అంది రత్నం. "తాడు మనిషినై ఉండి తెలియదని చెప్పనా? నేను తెలియదంటే రేపు ఏ తెప్పవాడు నా ముడిని నమ్మి పడుకుంటాడు? ఒప్పేసుకుంటాను."

కోర్టులో మూడు ప్రశ్నలు వేస్తారన్నారు లాయరమ్మగారు. ఆపద నిజంగా ముంచుకొచ్చిందా? వచ్చింది, స్తంభాలు చూసినవాళ్ళు బోలెడంతమంది. తప్పించిన చేటు చేసిన చేటుకన్నా పెద్దదా? పది తెప్పల మీద చంటిపిల్లలతో సహా మనుషులు. మూడోదే గడ్డు ప్రశ్న. వేరే దారి లేదా? కత్తి తీసే తీరిక ఉన్నదానికి లోపలివాణ్ణి పిలిచే తీరిక లేదా?

"పిలిచాను. గాలికి కేక వినపడదు. తాడు రెండుసార్లు గుంజాను. ఆగాను. మళ్ళీ రెండుసార్లు గుంజాను. బయటికొత్తే చెయ్యందుకుందామని ఒంగున్నాను కూడా. రాలేదు. ఇటు తెప్పలు ఒరిగిపోతన్నాయి. కోసేశాను."

"ఎవరైనా చూశారా?"

చూడలేదు. అందరూ పిల్లల్ని ఎత్తుకుని అవతలి అంచుకు పరిగెత్తారు. ఇళ్ళల్లో ఎవరూ లేరు కాబట్టి గిన్నెల చప్పుడూ ఎవరూ వినలేదు. ఆ తాడు ముక్క సముద్రంలో పోయింది.

"అంటే దానయ్య ఒక్కడికే తెలుసు. అతను చెప్తే రత్నం ఇంటికొస్తుంది. చెప్పకపోతే లేదు. అతను చెప్పకపోవడానికి కారణం కూడా ఉంది. ఇంకొకడు తెంచిన తెప్పకు బదులు సర్కారు కొత్త తెప్ప ఇస్తుంది. బయటికి రమ్మని పిలిచినా రానివాడికి ఇవ్వదు" అన్నారు లాయరమ్మగారు. తర్వాత నావైపు వేలు చూపించారు. "మీకే చెప్తున్నాను. సాక్షి దగ్గరికి వెళ్ళి బతిమాలినా, భయపెట్టినా, పండు ఇచ్చినా అదొక కొత్త నేరం. దానయ్య ఛాయలకు వెళ్ళకండి. అతని భార్యతో కూడా ఆ మాట ఎత్తకండి."

దశమి

వెళ్ళాను. రాయకుండా ఉండలేను కదా, రాస్తున్నాను.

చింతకాయ పచ్చడి కొంచెం గిన్నెలో పెట్టుకుని ఆసుపత్రి పడవ దాకా వెళ్ళాను. దానయ్యకు చిన్నప్పటినుంచీ నా చేతి పచ్చడంటే ఇష్టం. మెట్ల మీద నిలబడ్డాను. లోపల ఎవరో మూలుగుతున్నారు. అతనేనేమో, కాదేమో. కాలు లేనివాడి మంచం పక్కన నిలబడి, నా కోడలి కోసం నిజం చెప్పు నాయనా, నీకు తెప్ప రాకపోతే పోనీ అని ఏ నోటితో అంటాను? అనకపోతే పచ్చడి ఎందుకు తెచ్చినట్టు?

పడవవాడు అడిగాడు. "ఎక్కుతావా దిగుతావా మామ్మా? దారికడ్డం."

దిగిపోయాను. పచ్చడి పడవవాడికే ఇచ్చేశాను. బాగుందన్నాడు.

ఇంటికొస్తే కాసులమ్మ కాచుకునుంది. అచ్చియ్యమ్మకు ఆమె పెదతల్లి కూతురు. తెప్ప పోయినప్పటినుంచీ అచ్చియ్యమ్మ వాళ్ళింట్లోనే ఉంటోంది. "ముందు మెడలో తాడు తెంపుకుంది, ఇప్పుడు ఊళ్ళో తాళ్ళు తెంపుతోంది నీ కోడలు" అని ఎవరో అన్నారట, తను అనలేదట, అన్నవాళ్ళ మాట నాకు చేరేయడానికి వచ్చిందట.

"దానయ్య తాడు తెంపబట్టే నువ్వు నడిచొచ్చి ఈ మాట చెప్పగలుగుతున్నావు" అందామని నాలిక చివరిదాకా వచ్చింది. చెవి గుర్తొచ్చింది. లోపలికి వచ్చి ఇక్కడ రాసుకున్నాను. రాస్తే కొంచెం నయంగానే ఉంది.

ద్వాదశి

నిన్న ఏమీ రాయలేదు. రాయాలా వద్దా అని రోజంతా కాగితం ముందు కూర్చుని లేచాను.

నిన్న పొద్దున పెద్ద కొయ్య దగ్గర బట్టలు జాడిస్తున్నాను. అచ్చియ్యమ్మ వచ్చింది. జుట్టు విరబోసుకుని ఉంది. దానయ్యకు గాయం చీము పట్టిందట, రాత్రంతా ఆసుపత్రిలో కూర్చుని అప్పుడే వచ్చింది.

"మరిడమ్మత్తా! గుణం చెప్పావంటగా! ఊరందర్నీ నిలబెట్టి చెప్పావంటగా! నా మొగుడి కాలు మొలుత్తాదా నీ కోడలి గుణాలకి?"

నేను పైట కొంగు నోట్లో కుక్కుకున్నాను.

"మాట్టాడవేం? రోజూ వరసంతా నీ వాగుడేగా! ఇయ్యాల ఏం, నోట్లో ముద్దెట్టుకున్నావా?"

బట్ట జాడించాను. నీళ్ళు నా మీదే పడ్డాయి. నేను పలక్కపోయేసరికి ఆమెకు మరీ మండింది. తగవులో ఎదుటి మనిషి మాట్లాడకపోతే అంతకంటే అవమానం లేదు మా దగ్గర.

"తాడు రెండుసార్లు గుంజేత్తే సరిపోయిందా? గుంజిందని దూకేయడానికి ఆయనేమన్నా రికామీ మనిషా? తొట్టె తొట్టెకీ గుడ్ల మీదున్న పీతలు! ఒక్క తొట్టె ఎత్తుకుని వద్దామనుకున్నాడు, ఒక్కటి! ఆ ఒక్క తొట్టె ఎత్తేదాకా ఆగలేకపోయిందా నీ గుణవంతురాలు?"

కాసులమ్మ పరిగెత్తుకొచ్చి ఆమె చెయ్యి పట్టి లాగింది. "నోర్ముయ్యే, రా లోపలికి!"

ముగ్గురం ఒక్కసారే కొయ్య మీదికి చూశాం. శుక్రవారం నేను రాసిన పసుపు దాని మీద ఇంకా ఉంది.

అచ్చియ్యమ్మ ముఖంలో రంగు పోయింది. నావైపు చూసింది. ఆ చూపు నాకు తెలుసు. షష్ఠి నాడు లాయరమ్మగారు నా గొంతు నాకే వినిపించినప్పుడు నా ముఖం కూడా అలాగే ఉండి ఉంటుంది.

బట్టలు పిండుకుని వచ్చేశాను.

చెవి విన్నదాన్ని పోలీసులు ఇక తియ్యరు, వాళ్ళకు కావలసింది దొరికింది. ఏ రోజు, ఏ వేళ అని మనం అడిగితేనే కోర్టు తీయిస్తుంది. నేను రాయకపోతే ఎవరికీ తెలియదు. రాస్తే రత్నం వస్తుంది. అచ్చియ్యమ్మకు తెప్ప రాదు. మొగుడికి కాలు లేదు, ఇంటికి తెప్ప లేదు, చుట్టాల ఇంట్లో ఎన్నాళ్ళుంటుంది? కోపంలో అన్న మాటను పట్టుకుని ఆమెను ముంచడమేనా? నన్ను ముంచిందీ అదే కదా? నాది పొగడ్త, ఆమెది ఏడుపు. చెవికి రెండూ ఒకటే.

రాత్రంతా అటూ ఇటూ దొర్లాను. దానయ్య ఒక్క తొట్టె ఎత్తుకుందామనుకున్నాడు. నేను ఒక్క కోడల్ని ఎత్తుకుందామనుకుంటున్నాను. నేనేం తక్కువ తిన్నాను?

లాయరమ్మగారూ, నిన్న ఏకాదశి, పొద్దున్న, పాటు మొదలైన వేళ. పెద్ద కొయ్య చెవి. అడిగించండి.

పౌర్ణమి

కోర్టు పడవ మా రేవుకే వచ్చింది. జడ్జిగారు మెరక మనిషి. పడవ ఊగినప్పుడల్లా కళ్ళు మూసుకుని నిమ్మకాయ వాసన చూస్తున్నారు. రత్నం నిలబడి, తెలిసే తెంచానని చెప్పింది. వరసంతా గుసగుసలు. ప్రాసిక్యూటరుగారు నా గుణం అందరికీ వినిపించారు. నేను కళ్ళు తెరవలేదు.

"కత్తి తీసే వ్యవధి ఉంది. పిలిచే వ్యవధి లేదా?" అన్నారాయన. సరిగ్గా అదే మాట.

దానయ్యను చెక్కబల్ల మీద పడుకోబెట్టి తెచ్చారు. సగమైపోయాడు. లాయరమ్మగారు చెవి విన్నది వినిపించమన్నారు. అచ్చియ్యమ్మ గొంతు పడవంతా మోగింది. జనంలో ఆమె తల వంచుకుంది. తర్వాత నెమ్మదిగా ఎత్తి నన్ను వెతికింది. నేను తల తిప్పుకోలేదు. ఆ పాటి ధైర్యం చెయ్యకపోతే ఇక నేను మనిషినే కాదు.

"ఇది మీ భార్య అన్న మాట. ఆమె ఆ వేళ అక్కడ లేరు. అందుకని మిమ్మల్నే అడుగుతున్నాను. ప్రమాణం చేశారు. తాడు గుంజడం మీకు తెలిసిందా?" అన్నారు లాయరమ్మగారు.

దానయ్య తన లేని కాలి వైపు చూసుకున్నాడు. జడ్జిగారు నిమ్మకాయ కింద పెట్టారు.

"తెలిసిందండి. గుంజ పట్టుకునే ఉన్నాను. రెండుసార్లు గుంజింది. మళ్ళీ రెండుసార్లు గుంజింది."

"అంటే ఏమని అర్థం?"

"బయటికి రమ్మనండి. మా ఇళ్ళల్లో పాకే పిల్లోడికి కూడా తెలుసండి."

"ఎందుకు రాలేదు?"

"పీతలండి." ఆ ఒక్క మాటే అన్నాడు. తర్వాత తల తిప్పి రత్నాన్ని చూశాడు. "నువ్వు పిలిచావు. నేను రాలేదు. అది నిజం, చెప్పేశాను. నా తాడు మీద కత్తెట్టావు, అదీ నిజమే. దానికి మాత్రం నిన్ను మాఫీ చెయ్యను నూకరత్తం."

రత్నం తల ఊపింది. సరేనన్నట్టు.

బహుళ విదియ

తీర్పు వచ్చింది. తెలిసి తెంచింది నిజం, ఆపద నిజం, పిలిచింది నిజం, వేరే దారి లేదు, కాబట్టి శిక్ష లేదు. దానయ్యకు బదులు తెప్ప లేదు. రెండూ ఒకే కాగితంలో, ఒకదాని కింద ఒకటి.

లాయరమ్మగారు నా చెయ్యి పట్టుకున్నారు. "ఇక రాయక్కర్లేదు. మాట్లాడుకోవచ్చు."

ఏం మాట్లాడాలో తోచలేదు. ఆమెకు అదే వింత.

బహుళ పంచమి

రాయక్కర్లేదన్నారు గానీ కాగితాలు మిగిలాయి.

రత్నం వచ్చి మూడు రోజులైంది. ఇల్లు దాటలేదు. వచ్చిన రోజే వరస పెద్దలు వచ్చి, తాడు మనిషికి గుర్తుగా గుమ్మానికి వేలాడే తాడు కొక్కెం తీసుకుపోయారు. తాడు తెంచిన చేతికి మళ్ళీ తాడు ఇవ్వరు, అది కోర్టు మాట కాదు, మా మాట. "కోర్టు ఏమీ లేదంది కదయ్యా" అన్నాను. "కోర్టు వదిలేసింది పిన్నీ. మేం మాత్రం రాత్రిళ్ళు కళ్ళు మూసుకుని పడుకోవాలి కదా" అన్నారు. వాళ్ళ పిల్లలు బతికున్నది దాని కత్తి వల్లే. తెలుసు వాళ్ళకు. తెలిసే తీసుకుపోయారు.

రత్నం వాళ్ళకు దారి ఇచ్చింది. వేళ్ళు మాత్రం పైట కొస పేనుతూనే ఉన్నాయి.

దానయ్యను నిన్న ఆసుపత్రి నుంచి తెచ్చారు. పదో తెప్పలో, కాసులమ్మ వాళ్ళింట్లో దింపారు. మొగుడూ పెళ్ళాలిద్దరూ ఇక అక్కడే. వరస ఇప్పుడు పది తెప్పలు. ఆ ఇంటి గుమ్మంలోంచి చూస్తే తన తెప్ప ఉండాల్సిన చోట నీళ్ళు కనిపిస్తాయి అతనికి.

ఇవాళ మధ్యాహ్నం అన్నం వార్చాను. రత్నం లోపలి గదిలో గోడవైపు తిరిగి పడుకుంది. నోటితో పిలవొచ్చు, నాలుగడుగుల దూరం. పిలిస్తే ఆకలి లేదంటుంది, నేను వాగుతాను, తను ఇంకా ముడుచుకుంటుంది. గుంజ దగ్గరికి పోయి తాడు పట్టుకున్నాను. దానిలా నాకు మనుషులు తెలియరు. తడి తాడు, అంతే. రెండుసార్లు గుంజాను.

వరసంతా గిన్నెలు గలగలమన్నాయి.

రత్నం లేచి కూర్చుంది. కాసేపు అలాగే ఉంది. తర్వాత జుట్టు ముడేసుకుని బయటికొచ్చి, నా పక్కన అంచు మీద నిలబడింది. వచ్చినప్పటినుంచీ ఎండ చూడడం ఇదే మొదలు.

అప్పుడు పదో తెప్ప తలుపు తెరుచుకుంది. గోడ పట్టుకుని, ఒంటికాలి మీద, దానయ్య బయటికొచ్చి నిలబడ్డాడు. చంకలో కర్ర కూడా లేదు. వెనకనుంచి అచ్చియ్యమ్మ "ఎవర్నో అన్నానికి పిలిచిందయ్యా, నిన్ను కాదు" అంటూ పట్టుకోబోతోంది. అతను చెయ్యి విదిలించుకున్నాడు. రత్నం వైపే చూస్తున్నాడు. రత్నమూ అతన్నే చూస్తోంది.

లోపలికి వచ్చి గిన్నె చూశాను. అన్నం ఇద్దరికే ఉంది. మళ్ళీ ఎసరు పెట్టాను.